లీజింగ్ ఆఫీసులో "మీవాళ్ళంతా వెనక బిల్డింగుల్లో ఉంటారు" అన్నారు. ఏం చేయాలి?

కొత్తకాపురం_డాలస్
శనివారం, రాత్రి 10:50

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదవడమే తప్ప రాసింది లేదు. ఇవాళ కడుపు మండి రాస్తున్నాను, పొడుగైతే ఏమీ అనుకోకండి.

మేము ఆస్టిన్ నుంచి డాలస్ పక్కకి మారుతున్నాం. నేను, మా ఆవిడ, రెండేళ్ళ పాప. ఆఫీసుకి దగ్గర్లో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ ఉంది. ముందు వైపు చిన్న చెరువు, చుట్టూ నడక దారి, కొత్త బిల్డింగులు. వెనక వైపు హైవేని ఆనుకుని పాత బిల్డింగులు. ముందు వైపు రెండో అంతస్తులో డబుల్ బెడ్‌రూమ్ ఒకటో తారీఖు నుంచి ఖాళీ అని వెబ్‌సైట్‌లో ఉంది. గురువారం ఈమెయిల్ చేస్తే "ఉంది, వచ్చి చూడండి" అని జవాబు కూడా వచ్చింది. ఇవాళ పొద్దున పదకొండింటికి వెళ్ళాం.

డెస్క్ దగ్గర అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది. కాఫీ ఇచ్చింది, పాపకి స్టిక్కర్ ఇచ్చింది. మేం అడిగిన ఫ్లాట్ నంబర్ చెప్పగానే కంప్యూటర్ వైపు కూడా చూడకుండా "అయ్యో, అది పోయింది" అంది. తర్వాత కాంప్లెక్స్ మ్యాప్ ఒకటి తీసి, వెనక బిల్డింగుల చుట్టూ పసుపు హైలైటర్‌తో గీత గీసింది. "ఇక్కడ ఇండియన్ ఫ్యామిలీస్ చాలామంది ఉంటారు, మీకు కంఫర్టబుల్‌గా ఉంటుంది. పైగా చిన్నపాప కదా, కింది అంతస్తే నయం, పైన పరుగులు పెడితే కింద వాళ్ళు కంప్లైంట్ చేస్తారు" అంది. అద్దె తేడా నెలకి 60 డాలర్లు, అంతే.

మధ్యాహ్నం నా టీమ్‌లో ఒక తెల్లాయన, ఆయనా ఇల్లు వెతుక్కుంటున్నాడు, అదే ఆఫీసుకి ఫోన్ చేశాడు. స్పీకర్‌లో నేనూ విన్నాను. ముందు వైపు రెండు ఖాళీగా ఉన్నాయట. అందులో ఒకటి మాకు పోయిందని చెప్పిన నంబరే.

మా ఆవిడ "మర్యాదగానే చెప్పింది కదా, వదిలెయ్" అంటోంది. నాకు నిద్ర పట్టడం లేదు. ఇది నిజంగా వివక్షేనా, నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా?


మోడరేటర్
శనివారం, రాత్రి 11:05

అపార్ట్‌మెంట్ పేరు, ఆ అమ్మాయి పేరు ఇక్కడ రాయకండి. రాయలేదు కాబట్టి థ్యాంక్స్. జవాబు రాసేవాళ్ళు కూడా అదే పాటించండి.


సర్దుకుపో_బాబాయ్
శనివారం, రాత్రి 11:20

తమ్ముడూ, ఇరవై రెండేళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను. ఇలాంటివి నూట తొంభై చూశాను. హెచ్1బి ఉద్యోగ వీసా మీద ఉన్నావనుకుంటా, గ్రీన్ కార్డు లైన్‌లో ఉంటావు. గొడవల జోలికి పోకు. వెనక బిల్డింగ్‌లో ఉంటే తప్పేముంది? పాపకి ఆడుకోవడానికి మన పిల్లలు దొరుకుతారు, పండక్కి పిండివంటలు పంచుకోవచ్చు. నెలకి 60 డాలర్లు మిగులుతాయి కూడా.


కృష్ణాతీరం
ఆదివారం, పొద్దున 7:15

బాబాయ్ గారూ, వెనక బిల్డింగ్‌లో ఉండడం తప్పు కాదు. ఉండాలనుకుంటే ఉంటారు. కానీ ఎక్కడుండాలో ఆయన కదా చెప్పాలి!

కొత్తకాపురం గారూ, నేను ఐదేళ్ళు ఒక ప్రాపర్టీ మేనేజ్‌మెంట్ కంపెనీలో లీజింగ్ డెస్క్ మీద పనిచేశాను. మాకు ఏటా ట్రైనింగ్ ఉండేది, ఆ ట్రైనింగ్‌లో మొదటి గంటలోనే చెప్పే విషయం ఇది: వచ్చినవాళ్ళకి ఖాళీగా ఉన్నవన్నీ చూపించు, ఎంచుకోవడం వాళ్ళ పని. "మీకు ఇక్కడ కంఫర్టబుల్‌గా ఉంటుంది" అన్న మాట నోట్లోంచి రాకూడదు. దీన్ని ఇక్కడ స్టీరింగ్ అంటారు. మనుషుల్ని చూసి ఫలానా వైపుకి తిప్పడం. ఉన్న ఫ్లాట్‌ని లేదని చెప్పడం అయితే ఇంకా పెద్ద తప్పు, చట్టంలో దాన్ని విడిగా రాశారు.

ఆ చట్టం పేరు ఫెయిర్ హౌసింగ్ యాక్ట్. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపారు. ఏళ్ళ తరబడి నలుగుతున్న బిల్లు వారం తిరిగేలోగా, ఏప్రిల్ 11న, చట్టమైంది. మొదట్లో జాతి, రంగు, మతం, పుట్టిన దేశం అనే నాలుగే ఉండేవి. 1974లో స్త్రీ పురుష భేదం చేర్చారు. 1988లో వైకల్యం, పిల్లలున్న కుటుంబం అనే రెండూ వచ్చాయి. మీ విషయంలో రెండు తగులుతున్నాయి. "ఇండియన్ ఫ్యామిలీస్" అన్నది పుట్టిన దేశం కిందికి వస్తుంది. "చిన్నపాప కదా, కింది అంతస్తు" అన్నది పిల్లలున్న కుటుంబం కిందికి. ఈ రెండోది చాలామందికి తప్పులా కూడా అనిపించదు, మీ మేలు కోరి చెప్పినట్టే ఉంటుంది.

ఆ మ్యాప్ మీ దగ్గరుందా? హైలైటర్ గీసిందేనా?


కొత్తకాపురం_డాలస్
ఆదివారం, పొద్దున 8:02

ఉంది! పాప దానిమీద స్టిక్కర్ అంటించింది, అయినా గీత కనిపిస్తోంది.


కృష్ణాతీరం
ఆదివారం, పొద్దున 8:20

ఫోటో తీసి, అసలుది ఒక కవర్‌లో పెట్టి దాచండి. ఇవాళే ఇంకో పని చేయండి. జరిగింది జరిగినట్టు ఒక కాగితం మీద రాసుకోండి. ఎన్ని గంటలకి వెళ్ళారు, ఎవరు మాట్లాడారు, ఏ మాట ఎవరన్నారు. "వివక్ష చూపింది" అని రాయకండి, ఆమె ఏ మాటలన్నదో అవే రాయండి. మీ కొలీగ్‌ని కూడా ఆయన ఫోన్ చేసిన టైము, విన్న మాటలు ఆయన చేత్తో ఆయన్నే రాసి పెట్టమనండి. గురువారం ఈమెయిల్, వెబ్‌సైట్ స్క్రీన్‌షాట్ కూడా దాచండి. వెబ్‌సైట్ రేపటికి మారిపోతుంది. నా అనుభవంలో చాలా కేసులు నీరుగారిపోయేది న్యాయం లేక కాదు, తారీఖులు గుర్తులేక.

మీ కొలీగ్ తెలియకుండానే చేసిన పనికి ఇక్కడ యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. టెస్టర్లు అంటారు. ఒకే రకం జీతం, ఒకే రకం కుటుంబం అని చెప్పుకునే ఇద్దరిని, ఒక నల్లవాణ్ణి ఒక తెల్లవాణ్ణి, ఒకే ఆఫీసుకి పంపి ఎవరికేం చెప్పారో పోల్చి చూస్తారు. వర్జీనియాలో రిచ్‌మండ్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్ల యజమాని మీద ఇలాగే కేసు వేస్తే అది సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. "నువ్వు నిజంగా ఇల్లు తీసుకోవడానికి రాలేదు కదా, నీకేం నష్టం?" అని వాళ్ళ వాదన. అబద్ధం చెప్పించుకోవడమే నష్టం, ఆ నల్ల టెస్టర్‌కి కేసు వేసే హక్కుంది అని 1982లో కోర్టు చెప్పింది. మీరైతే నిజంగా ఇల్లు కోసమే వెళ్ళారు.


సర్దుకుపో_బాబాయ్
ఆదివారం, పొద్దున 9:10

అమ్మా, చట్టం సరే. వీసా సంగతేంటి? రేపు కాన్సులేట్‌లో వీసా స్టాంపింగ్‌కి వెళ్తే "నువ్వు కేసులు పెట్టావట" అంటే?


కృష్ణాతీరం
ఆదివారం, పొద్దున 9:31

ఈ భయం వల్లనే మనవాళ్ళు ఎక్కువమంది నోరెత్తరు బాబాయ్ గారూ, మిమ్మల్ని తప్పుపట్టను. కానీ ఈ చట్టం సిటిజన్లకి మాత్రమే అని ఎక్కడా లేదు. స్టూడెంట్ వీసా అయినా, హెచ్1బి అయినా, ఏ కాగితమూ లేకపోయినా వర్తిస్తుంది. ఇదేం క్రిమినల్ కేసు కాదు, పైగా ఫిర్యాదు చేసేది మీరు. ఫిర్యాదు చేసినందుకు ఓనర్ బెదిరించినా, ఇబ్బంది పెట్టినా అది విడిగా ఇంకో తప్పు కింద లెక్క.

ఒక తేడా మాత్రం ఉంది. మన వీసా స్టేటస్ చూసి వద్దంటే? పుట్టిన దేశం వేరు, వీసా స్టేటస్ వేరు. ఫెడరల్ చట్టంలో ఉన్నది మొదటిదే. కాలిఫోర్నియాలో రెండోదానికీ రక్షణ ఉంది, అక్కడ ఓనర్ అద్దెకొచ్చినవాళ్ళ ఇమ్మిగ్రేషన్ స్టేటస్ అడగడమే కుదరదు. టెక్సాస్‌లో అలా లేదు. కాగితాలు అడిగితే అందరినీ అడగాలి, మన మొహం చూసి మనల్నే అడిగితే మళ్ళీ పుట్టిన దేశం దగ్గరికే వస్తుంది.


పెసరట్టు_ఉప్మా
ఆదివారం, పొద్దున 11:40

దారి మళ్ళిస్తున్నందుకు సారీ, కానీ నాదీ ఈ కథే. ఇర్వింగ్‌లో మూడేళ్ళున్న అపార్ట్‌మెంట్ ఖాళీ చేస్తే డిపాజిట్‌లో 850 డాలర్లు కోశారు. బిల్లులో రాసిన మాట: "కర్రీ ఆర్డర్ రిమూవల్". ఆర్డర్ అంటే ఇక్కడ వాసన. మేం ఖాళీ చేసేముందు కార్పెట్ షాంపూ చేయించాం, రసీదు ఉంది. మా ఎదురింటి ఆయన రోజూ బాల్కనీలో బార్బెక్యూ పెట్టేవాడు, ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు.


కృష్ణాతీరం
ఆదివారం, మధ్యాహ్నం 12:15

ఆ మాట బిల్లులో రాసిచ్చారా! దాన్ని ఫ్రేమ్ కట్టించండి.

దీనికి ఫెయిర్ హౌసింగ్ కంటే ముందు టెక్సాస్ డిపాజిట్ చట్టమే చాలు. ఖాళీ చేశాక 30 రోజుల్లో డిపాజిట్ తిరిగివ్వాలి, కోస్తే దేనికెంతో లెక్క రాసివ్వాలి, మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకి కోయకూడదు. దురుద్దేశంతో కోశారని తేలితే 100 డాలర్లు, కోసినదానికి మూడు రెట్లు, లాయర్ ఖర్చులు. కొత్త అడ్రస్ రాతపూర్వకంగా ఇచ్చారా లేదా అన్నది మొదట చూస్తారు, ఇవ్వకపోతే ఇవాళే ఇవ్వండి. చిన్న దావాలు చూసే జస్టిస్ కోర్టులో 20,000 డాలర్ల దాకా లాయర్ లేకుండానే వేసుకోవచ్చు.

వాసన గోల టెక్సాస్‌దే కాదు. ఇంగ్లండ్‌లో కెంట్ ప్రాంతంలో వందల ఇళ్ళున్న ఒక ఓనర్, కూర వాసన గోడలకి పట్టేస్తుందని చెప్పి "రంగు మనుషులకి ఇవ్వొద్దు" అని ఏజెంట్లకి రాతపూర్వకంగా చెప్పాడు. 2017లో మెయిడ్‌స్టన్ కోర్టు అది చట్టవిరుద్ధమని తేల్చి ఆపించింది.


అత్తగారొస్తున్నారు
ఆదివారం, మధ్యాహ్నం 1:05

నాదో చిన్న డౌట్. డబుల్ బెడ్‌రూమ్‌లో మేమిద్దరం, బాబు. మా అత్తగారు, మామగారు ఆరు నెలలకి వస్తున్నారు. లీజులో గెస్టులు ఏడు రోజులకి మించకూడదని ఉంది. ఆఫీసులో అడిగితే "మీ ఇండియన్స్ ఎప్పుడూ ఇంతే" అని నవ్వింది మేనేజర్.


కృష్ణాతీరం
ఆదివారం, మధ్యాహ్నం 1:40

గెస్టుల నియమం అందరికీ ఒకటే అయితే అది తప్పు కాదు. పక్కింటి వాళ్ళ అమ్మానాన్న నెల్లాళ్ళుంటే ఊరుకుని మీకు మాత్రం నోటీసు ఇస్తే అప్పుడు తప్పు. దొంగచాటుగా ఉంచకండి, అదే పెద్ద టెన్షన్. రాసి అడగండి, ఆరు నెలలకి ఆక్యుపెంట్లుగా, అంటే ఇంట్లో ఉండేవాళ్ళుగా, లీజులో చేర్చమనండి.

ఎంతమంది అన్నదానికి: గదికి ఇద్దరు అన్నది మామూలుగా సమంజసమే అని హడ్ అనే ఫెడరల్ హౌసింగ్ శాఖ చెబుతుంది. కానీ అది గీసిన గీత కాదు. గది ఎంత పెద్దది, పిల్లాడి వయసెంత అన్నవి కూడా చూస్తారు. టెక్సాస్ చట్టమైతే గదికి ముగ్గురు పెద్దవాళ్ళ దాకా ఒప్పుకుంటుంది, ఓనర్ అంతకంటే తక్కువ పెట్టుకోవచ్చు. మీ మేనేజర్ నవ్వుతూ అన్న మాట తారీఖుతో సహా రాసి పెట్టుకోండి.


రెండిళ్ళ_ఓనర్
ఆదివారం, సాయంత్రం 5:25

నేనిక్కడ అవతలి గట్టు మాట చెప్తాను, తిట్టకండి. నాకు ఫ్రిస్కో వైపు రెండిళ్ళున్నాయి, అద్దెకిస్తాను. ఒకసారి ఎవరికో ఇస్తే ఆరు నెలల అద్దె ఎగ్గొట్టి, గోడలకి కన్నాలు పెట్టి పోయారు. అప్పట్నుంచి వాట్సాప్ గ్రూపులో "తెలుగు ఫ్యామిలీకి మాత్రమే, వెజ్ అయితే మంచిది" అని పెడుతున్నా. నా ఇల్లు, నా మార్ట్‌గేజ్, నా ఇష్టం. ఇందులో ద్వేషం ఏముంది? తెలిసినవాళ్ళయితే ఇల్లు శుభ్రంగా ఉంచుతారని నమ్మకం. వెజ్ వాళ్ళకి ఇస్తానంటే అదీ నేరమేనా?


పాలమూరు_చందమామ
ఆదివారం, సాయంత్రం 6:10

అన్నా, పైన కొత్తకాపురం వాళ్ళకి చెప్పిన అమ్మాయి కూడా ద్వేషంతో చెప్పలేదు. కాఫీ ఇచ్చి చెప్పింది.


కృష్ణాతీరం
ఆదివారం, రాత్రి 8:45

రెండిళ్ళ_ఓనర్ గారూ, అడిగారు కాబట్టి పూర్తిగా చెప్తాను.

మీలాంటి చిన్న ఓనర్లకి ఈ చట్టంలో వెసులుబాట్లున్నాయి. నాలుగు వాటాల దాకా ఉన్న ఇంట్లో ఓనర్ కూడా ఒక వాటాలో ఉంటే ఒక మినహాయింపు. దాన్ని మర్ఫీ గారమ్మ మినహాయింపు అంటారు (మర్ఫీ రేడియో కాదు). ఒకట్రెండు గదులు అద్దెకిచ్చుకునే ముసలమ్మని కూడా కోర్టుకీడుస్తారా అని అప్పట్లో వాదించినవాళ్ళు ఊహించుకున్న ఆవిడ. రెండోది మీకు తగిలేది: మూడుకి మించకుండా విడి ఇళ్ళుండి, రియల్టర్ లేకుండా సొంతంగా అద్దెకిచ్చుకుంటే.

కానీ రెండు చిక్కులు. మొదటిది, ప్రకటనకి ఏ మినహాయింపూ లేదు. "తెలుగు ఫ్యామిలీకి మాత్రమే" అని వాట్సాప్‌లో పెట్టినా ప్రకటనే. మనసులో ఏమున్నా, రాతలో పెట్టిన క్షణం దొరికిపోయారు. పైగా అలాంటి ప్రకటనతో ఇచ్చిన విడి ఇంటికి ఆ రెండో మినహాయింపే పోతుంది. రెండో చిక్కు, 1866 నాటి పౌరహక్కుల చట్టం ఒకటుంది, అంతర్యుద్ధం అయ్యాక వచ్చింది. జాతి విషయంలో అది ప్రైవేటు ఓనర్లకీ వర్తిస్తుందని 1968లోనే సుప్రీం కోర్టు చెప్పింది. అందులో మర్ఫీ గారమ్మ కూడా లేదు. అక్కడ జాతి అంటే పూర్వీకులు, వంశం కూడా కలుస్తాయని 1987లో చెప్పారు.

వెజ్ సంగతి. శాకాహారం చట్టంలో ఉన్న ఏడింటిలో లేదు, కాబట్టి అదొక్కటే నేరుగా నేరం కాదు. కానీ మతానికో, దేశానికో ముసుగుగా వాడుతున్నారని తేలితే చిక్కే. ఉద్దేశం లేకపోయినా ఫలితం ఒక వర్గాన్నే బయట పెడితే కూడా కేసు నిలబడుతుందని 2015లో సుప్రీం కోర్టు చెప్పింది. ఆ కేసు వేసింది ఎక్కడివాళ్ళో తెలుసా? మన డాలస్ వాళ్ళే.

అద్దె ఎగ్గొట్టేవాళ్ళ భయానికి మందు వేరే ఉంది. జీతం అద్దెకి మూడు రెట్లుండాలి, క్రెడిట్ స్కోర్ ఇంతుండాలి, పాత ఓనర్ ఫోన్ నంబర్ ఇవ్వాలి. ఎంత కఠినంగానైనా పెట్టుకోండి, అందరికీ అదే పెట్టండి. టెక్సాస్‌లో అప్లికేషన్ ఇచ్చేటప్పుడే ఆ షరతుల కాగితం కూడా చేతికివ్వాలి. ఇవ్వకుండా ఫీజు తీసుకుని తర్వాత కాదంటే ఫీజు వెనక్కివ్వాలి.


రెండిళ్ళ_ఓనర్
ఆదివారం, రాత్రి 9:20

రూమ్మేట్ల కోసం పెట్టేవాళ్ళ సంగతో? గ్రూపు నిండా "వెజ్ తెలుగు అమ్మాయి కావలెను" అనే ఉంటాయి. వాళ్ళందర్నీ జైల్లో వేస్తారా?


కృష్ణాతీరం
ఆదివారం, రాత్రి 9:38

జైలు లేదు ఏమీ లేదు, ఇది సివిల్ వ్యవహారం. ఒకే వంటిల్లు, ఒకే బాత్రూమ్ పంచుకునేవాళ్ళ విషయంలో ఈ చట్టం వేలు పెట్టదని 2012లో కాలిఫోర్నియా వైపు ఫెడరల్ అప్పీల్ కోర్టు చెప్పింది. టెక్సాస్ దాని పరిధిలో లేదు, అయినా ఆ తర్కం అర్థమవుతుంది. అమ్మాయి అమ్మాయినే రూమ్మేట్‌గా అడిగితే ఎవరికీ అభ్యంతరం లేదు. మీరు మాత్రం ఇల్లు మొత్తం అద్దెకిస్తున్నారు, ఆ ఇంట్లో మీరుండరు.


పాలమూరు_చందమామ
ఆదివారం, రాత్రి 10:30

రూమ్మేట్ల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఇది ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

నేను 2019లో మాస్టర్స్‌కి వచ్చాను. అంతకుముందు హైదరాబాదులో నల్లకుంటలో ఇల్లు వెతికాను, నేనూ మా చెల్లీ. ఒక ఇంట్లో ఆంటీ చాలా బాగా మాట్లాడింది. రెండు గదులు, కిటికీ అవతల మామిడి చెట్టు. అడ్వాన్స్ ఇంత, నీళ్ళు పొద్దున ఆరింటికి వస్తాయి, గేటు పదింటికి వేస్తాం, అన్నీ అయిపోయాయి. మా చెల్లి స్టీలు గ్లాసులో నీళ్ళు తాగుతోంది. అప్పుడు అడిగింది, "ఇంతకీ మీరేమిట్లు అమ్మా?" నేను విననట్టు కరెంటు బిల్లు గురించి అడిగాను. మళ్ళీ అడిగింది, ఈసారి ఇంటిపేరు. చెప్పాను. ఆవిడ మొహం మారలేదు. నవ్వుతూనే ఉంది. "మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు, వాణ్ణొక మాట అడిగి చెప్తాను" అంది. మేం గేటు దాటుతుంటే చెల్లి తాగిన గ్లాసు కుళాయి కింద పెట్టిన చప్పుడు వినిపించింది. టూలెట్ బోర్డు ఇంకో నెల అలాగే వేలాడింది, మా బస్సు ఆ దారిలోనే పోయేది.

డాలస్ వచ్చాక, ఒక తెలుగు ఇంట్లో నలుగురు అమ్మాయిలకి ఒక గది ఖాళీ ఉందంటే ఫోన్ చేశాను. "ఏ ఊరు? ఏ కాలేజీ? ఇంటిపేరేంటి?" అని అదే వరస. మూడో ప్రశ్న తర్వాత గది నిండిపోయింది. దాదాపు తొమ్మిది వేల మైళ్ళు దాటి వచ్చి అదే ఆంటీ కూతురితో మాట్లాడినట్టు అనిపించింది.

కొత్తకాపురం అన్నా, మీరు కంప్లైంట్ పెట్టండి. తప్పకుండా పెట్టండి. కానీ ఇక్కడ అందరూ "తెల్లవాళ్ళు ఎంత మాటన్నారు" అని ఆశ్చర్యపోతుంటే నాకు నవ్వొచ్చింది. ఆ తెల్లమ్మాయి కనీసం వెనక బిల్డింగ్ అయినా చూపించింది.


సర్దుకుపో_బాబాయ్
ఆదివారం, రాత్రి 11:15

అమ్మా చందమామా, ఏం రాయాలో తెలియక మూడుసార్లు టైప్ చేసి చెరిపాను. మా ఇంట్లో కూడా ఆ ప్రశ్న అడిగేవారు. మా నాన్న అడిగేవారు. నేను పక్కనే కూర్చునేవాణ్ణి.


కోర్టుపక్షి_హైదరాబాద్
సోమవారం, పొద్దున 6:50

ఇక్కడ సాయంత్రం అయింది, ఇప్పుడే చూశాను. చందమామ గారి ఆంటీ లాంటి వాళ్ళని మన చట్టం ఏం చేయగలదు అన్నదానికి చిన్న జవాబు: చాలా తక్కువ.

రాజ్యాంగం 15వ అధికరణంలో రెండో క్లాజు దుకాణాలు, హోటళ్ళు, బావులు, రోడ్లు అంటుంది. అద్దె ఇల్లు అనదు. 2005లో అహ్మదాబాద్ పార్సీల హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వం మావాళ్ళకే అని బైలాలో రాసుకోవచ్చని సుప్రీం కోర్టు చెప్పింది. అంటరానితనం మీద 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టంలో మాత్రం ఇల్లు కట్టుకోవడానికి, కొనుక్కోవడానికి, ఉండడానికి అడ్డుపడితే శిక్ష అని స్పష్టంగా ఉంది. కానీ ఆంటీ కులం పేరెత్తిందా? ఎత్తలేదు. "అబ్బాయిని అడుగుతాను" అంది. ఆ వాక్యాన్ని ఏ కోర్టులో నిలబెడతాం?

విచిత్రం ఏంటంటే, ఇల్లు అద్దెకివ్వడంలో వివక్ష కూడదు అని మాట పెట్టి రాసిన కేంద్ర చట్టాలు ఉన్నాయి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ కోసం 2017లో, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం 2019లో వచ్చినవి. కులం, మతం కారణంగా ఇల్లు ఇవ్వకపోతే అలాంటి సాధారణ చట్టం లేదు. 2021 నమూనా అద్దె చట్టం కూడా రెండు నెలలకి మించి అడ్వాన్స్ వద్దు, 24 గంటల ముందు చెప్పకుండా ఇంట్లోకి రావద్దు అంటుంది, ఎవరికి ఇవ్వనంటే తప్పో చెప్పదు. తెలంగాణలో ఇంకా 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమే. అదీ కార్పొరేషన్ పరిధిలో నెలకి 3,500 రూపాయల లోపు అద్దెలకే. ఆ డబ్బుకి ఇప్పుడు హైదరాబాదులో బండి పెట్టుకోవడానికి చోటు దొరికితే గొప్ప.

టెస్టర్ల పద్ధతి మాత్రం ఇక్కడా చేసి చూశారు. ఢిల్లీ చుట్టుపక్కల పరిశోధకులు దళితుల, ముస్లింల, పై కులాల పేర్లతో ఓనర్లకి ఫోన్లు చేయించి 2015లో ఫలితాలు అచ్చు వేశారు. ఎవరికి ఇళ్ళు దొరికాయో మీకు నేను చెప్పక్కర్లేదు.


పెసరట్టు_ఉప్మా
సోమవారం, మధ్యాహ్నం 12:30

కులం మీద అమెరికాలో ఏమైనా ఉందా? సియాటిల్‌లో ఏదో అన్నారు కదా.


కృష్ణాతీరం
సోమవారం, మధ్యాహ్నం 1:10

సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షని నిషేధించింది, అందులో అద్దె ఇళ్ళు కూడా ఉన్నాయి. అదే ఏడాది కాలిఫోర్నియా అంతటికీ తెద్దామని బిల్లు పాసైతే అక్టోబర్‌లో గవర్నర్ వీటో చేశారు, ఉన్న చట్టాల్లోనే వస్తుంది కదా అని. టెక్సాస్‌లో పేరు పెట్టి ఏమీ లేదు. పైన చెప్పిన 1866 చట్టంలో పూర్వీకుల పాయింట్ మీద వాదించొచ్చంటారు, నేనైతే గ్యారంటీ ఇవ్వను.


రెండిళ్ళ_ఓనర్
సోమవారం, సాయంత్రం 4:40

చందమామ గారూ, నల్లకుంటలో మాకూ ఒక ఇల్లుంది. మామిడి చెట్టు లేదు, జామ చెట్టు. అమ్మ చూసుకుంటుంది. నన్ను కూడా ఫోన్ చేసి అడుగుతుంది. నేను "నీ ఇష్టం అమ్మా" అంటాను.


పాలమూరు_చందమామ
సోమవారం, సాయంత్రం 5:05

ఈసారి వేరేలా అనండి.


కొత్తకాపురం_డాలస్
బుధవారం, రాత్రి 9:55

అప్‌డేట్. సోమవారం మేనేజర్‌కి ఈమెయిల్ రాశాను, కృష్ణాతీరం గారు చెప్పినట్టు జరిగింది జరిగినట్టే. కోపం లేకుండా నాలుగే వాక్యాలు. గురువారం ఉందన్నారు, శనివారం పోయిందన్నారు, అదే రోజు ఇంకొకరికి ఉందన్నారు, వివరణ ఇవ్వగలరు. నలభై నిమిషాల్లో ఫోన్ వచ్చింది! "సిస్టమ్ ఎర్రర్" అట. ఆ ఫ్లాట్ మీదే, అప్లికేషన్ ఫీజు కూడా మాఫీ అన్నారు. ఫోన్‌లో కాదు, రాసి పంపండి అన్నాను. రాసి పంపారు, ఫీజు మాఫీ సంగతి ఉంది, ఎర్రర్ సంగతి లేదు.

మా ఆవిడ ఆ ఫ్లాట్ వద్దంది. ఆశ్చర్యంగా, మొదట వదిలెయ్ అన్నది తనే, ఇప్పుడు కంప్లైంట్ పెడదాం అంటున్నదీ తనే. ఈ థ్రెడ్ మొత్తం చదివింది. వేరే చోట తీసుకున్నాం, అక్కడ ఖాళీగా ఉన్న ఐదూ చూపించారు.

ఇప్పుడు హడ్ ఫారం తెరిచి కూర్చున్నాను. ఇల్లు వాళ్ళు ఇస్తామన్నారు కదా, ఇంకా కంప్లైంట్ నిలబడుతుందా?


కృష్ణాతీరం
బుధవారం, రాత్రి 10:20

పట్టుబడ్డాక ఇస్తామన్నంత మాత్రాన శనివారం జరిగింది జరగకుండా పోదు. నష్టం తగ్గిందని వాళ్ళు వాదిస్తారు, అది వేరే సంగతి. హడ్‌కి ఏడాది లోపు చెప్పాలి, నేరుగా కోర్టుకైతే రెండేళ్ళు. ఫిర్యాదుకి ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఫారం ఇబ్బందిగా ఉంటే 1-800-669-9777కి ఫోన్ చేసి నోటితో చెప్పొచ్చు. టెక్సాస్ కేసుల్ని తరచూ రాష్ట్ర వర్క్‌ఫోర్స్ కమిషన్ పౌరహక్కుల విభాగానికి పంపుతారు, అక్కడినుంచి ఉత్తరం వస్తే కంగారు పడకండి. వంద రోజుల్లో విచారణ ముగించాలని చట్టం అంటుంది. అంతకంటే ఎక్కువ పట్టిన కేసులు నేను చూశాను. మధ్యలో రాజీ అడుగుతారు. డబ్బే అడగాలని లేదు, ఆ ఆఫీసులో అందరికీ ట్రైనింగ్ పెట్టించమని కూడా అడగొచ్చు.

ఇంకొకటి, ఇకమీద వాళ్ళ ఫోన్లు రికార్డు చేసుకోవచ్చు. టెక్సాస్‌లో మాట్లాడేవాళ్ళలో ఒకరికి తెలిస్తే చాలు. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళు ఇది చదివి చేయకండి, అక్కడ అందరూ ఒప్పుకోవాలి.


కొత్తకాపురం_డాలస్
బుధవారం, రాత్రి 11:40

పంపేశాను. మ్యాప్ స్కాన్ కూడా జత చేశాను, స్టిక్కర్‌తో సహా. ఏనుగు స్టిక్కర్ అది.


రెండిళ్ళ_ఓనర్
శుక్రవారం, సాయంత్రం 6:15

యాడ్ మార్చాను. "తెలుగు" తీసేశా, "వెజ్" కూడా తీసేశా, మా ఆవిడ గొణిగింది. వాట్సాప్‌తో పాటు బయట వెబ్‌సైట్‌లో కూడా పెట్టాను. హోండురాస్ నుంచి వచ్చినాయన ఒకాయన ఫోన్ చేశాడు, ముగ్గురు పిల్లలు, రేపు పదింటికి చూడ్డానికి వస్తున్నారు. షరతుల కాగితం రాశాను. అప్లికేషన్ ఫీజు ఎంత పెట్టమంటారు?


కృష్ణాతీరం
శుక్రవారం, సాయంత్రం 6:40

ఇంతకుముందు తెలుగువాళ్ళ దగ్గర ఎంత తీసుకున్నారు?


రెండిళ్ళ_ఓనర్
శుక్రవారం, సాయంత్రం 6:42

తీసుకోలేదు.


కృష్ణాతీరం
శుక్రవారం, సాయంత్రం 6:43

అయితే ఆయన దగ్గరా అంతే.